ఇరవయ్యారు ముడులు

వకీలు సతీష్ ముందు నేల మీద కూర్చుని లక్మే అడ్డతీగ నారకు ముడులు వేసింది. ఆమె ఒక్కో ముడి బిగిస్తుంటే ఆయన గోడ మీది క్యాలెండర్‌లో దారిలో పోయే రోజులు వదిలేసి ఒక్కో గడి దాటుకుంటూ వేలు జరిపి, ఇరవయ్యారో ముడి దగ్గర ఆగమన్నాడు.

"రోజుకొక్కటి విప్పు. చివరి ముడి విప్పే రోజే కోర్టులో పేషీ. ఆ రోజు పదింటికల్లా మంగు పటేల్ నా పక్కన నిలబడాలి. ఇప్పటికే రెండుసార్లు గడువు తీసుకున్నాను. ఈసారి రాకపోతే జడ్జిగారు మన సాక్ష్యం మూసేస్తారు. ఆ తర్వాత తీర్పే," అన్నాడు. తెలంగాణ సరిహద్దున ఉన్న భోపాలపట్నం మనిషి కాబట్టి తెలుగులోనే చెప్పాడు. తారీఖు ఒక కాగితం ముక్క మీద రాసి కూడా ఇచ్చాడు. లక్మే దాన్ని మర్యాదకు తీసుకుని కొంగున కట్టుకుంది. నమ్మింది మాత్రం నారనే.

మూలన కూర్చున్న గుమాస్తా నవ్వాడు. నవ్వడానికేముందో అతనికే తెలియాలి. ఆవపల్లి చుట్టూ అడవి ఊళ్లలో పెళ్ళి పిలుపు వెళ్ళినా, దేవర పండుగ కబురు వెళ్ళినా ముడులు వేసిన నారే వెళ్తుంది. అందుకున్నవాళ్ళు రోజుకో ముడి విప్పుతారు. నార నున్నగా అయిన రోజుకి కోడినో, సొరబుర్ర నిండా సారానో పట్టుకుని ఆ ఊళ్లో దిగుతారు. ముందు రోజు వెళ్ళినవాడూ లేడు, మర్నాడు వెళ్ళి ముఖం వేలాడేసినవాడూ లేడు.

లక్మే మొగుడు సన్న జైల్లో పడి మూడేళ్లయింది. ఆ ఏడు వానలకు ముందు ఒకనాడు పోలీసు బండ్లు రాకుండా ఎవరో రోడ్డు తవ్వేశారు. ఆ తవ్వినవాళ్ళలో సన్న ఉన్నాడని నక్సల్ కేసు. ఆ రోజు సన్న పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా మంగు పటేల్ ఇంటి కప్పు మీద ఉన్నాడు. మర్నాడు మంగు కూతురు మాసే పెళ్ళి. పెళ్ళివారు దిగేలోగా పగిలిన పెంకులు మార్చాలని ఎండలో మాడుతూ కూర్చున్నాడు. ఊళ్లో కుక్కలకు కూడా తెలిసిన సంగతి ఇది. కోర్టుకు తెలియాలంటే మాత్రం మంగు వెళ్ళి నోరు విప్పాలి.

ఈ మూడేళ్ళలో లక్మే మొగుణ్ణి మరిచిన రోజు ఒక్కటి లేదు. అయితే తలుచుకున్నంత మాత్రాన పని అవుతుందా? పొద్దున లేస్తూనే ఇవాళ వెళ్ళి మంగు మామ కాళ్ళు పట్టుకోవాలి అనుకునేది. అనుకున్నంతసేపే. కూలికి పిలిచేవాళ్ళు పిలిచేవారు, అత్త గంగే దగ్గుతూ నీళ్ళడిగేది, తునికాకు రోజుల్లో తునికాకు, మిరప రోజుల్లో తెలంగాణ వైపు మిరపచేలు. పొద్దు వాలేసరికి నడుము పడిపోయేది. రేపు వెళ్దాంలే అనుకుని పడుకునేది. అలాంటి రేపులు ఎన్ని పోయాయో లెక్కలేదు.

ఆవపల్లిలో జీపు దిగి ఊరికి నాలుగు గంటల నడక. ఆ నడకలో లక్మేకి తన మీద తనకే ఒళ్ళు మండింది. ముడి పొద్దున్నే విప్పడం ఆచారం. తను మాత్రం సాయంత్రం విప్పాలనుకుంది. ఆ రోజు సన్న కోసం ఒక్క పనైనా చేస్తేనే ముడి విప్పే హక్కు. చేయలేదా, ముడి అలాగే ఉంటుంది. మర్నాడు రెండు పనులు చేసి రెండు ముడులు విప్పుకోవాలి. దాంతో ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతుకుతానని ఒట్టు వేసుకుంది.

మంచి ఒట్టే. కానీ పాపం, పప్పులో కాలేసింది కూడా అక్కడే. సూర్యుడు లక్మే పని చేసిందా లేదా అని చూసుకుని దిగడు. ఆమె వాయిదా వేసుకున్న రోజును ఆయన వాయిదా వేయడు. ఇంత చిన్న సంగతి ఆమెకు తట్టలేదు. మనసులో అంత కసి ఉన్నప్పుడు ఎవరికైనా తట్టదేమో.

మొదటిరోజే మంగు ఇంటికి వెళ్ళింది. ఆయన వాకిట్లో బుట్ట అల్లుకుంటున్నాడు.

"ఏంది పిల్లా, గీ ఎండల వొస్తివి?"

"సన్నడి పేషీ ఉన్నది మామా. నువ్వొచ్చి సెప్పాలె."

"ఏం సెప్పాలె?"

"ఉన్నదే సెప్పు. ఆ పొద్దు నీ ఇంటి మీదనే ఉన్నడని."

మంగు బుట్ట పక్కన పెట్టాడు. "కోర్టుల నిలబడి సెప్తే పోలీసోళ్ళు నా పేరు రాసుకుంటరు. ఊరికొస్తే అడివిల ఉన్నోళ్ళు అడుగుతరు, కోర్టుకు ఎందుకు పోతివని. రెండు దిక్కులా దెబ్బలు తినే ఒళ్ళు గాదు పిల్లా నాది."

"మరి సన్నడు?"

"చూద్దాం తీ."

చూద్దాం అంటే ఏమిటో లక్మేకి తెలుసు. అయినా ఆ సాయంత్రం ముడి విప్పింది. వేళ్ళకు ఎంతో హాయిగా అనిపించింది.

రెండోరోజు మంగు పెళ్ళాం కమ్లీని నీళ్ళ దగ్గర పట్టుకుని చెప్పింది. మూడోరోజు ఇంకోసారి మంగు దగ్గరికి. అలా ఆరు ముడులు విడిపోయాయి. ఏడోరోజు అత్తకు జ్వరం. ఒళ్ళు పేలిపోతుంటే తడిగుడ్డ వేస్తూ పక్కనే కూర్చుంది. ఆ రోజు ముడి ముట్టుకోలేదు. మర్నాడు అత్త కాస్త తేరుకోగానే పొద్దున కమ్లీ దగ్గరికీ, సాయంత్రం మంగు దగ్గరికీ వెళ్ళి లెక్కగా రెండు ముడులు విప్పింది. తన ఒట్టు ఎంత బాగా పనిచేస్తుందో అని ఆ పూట మురిసిపోయింది కూడా.

ఆ వారమే ఇప్పపువ్వు విరగబడి రాలింది. తెల్లవారకముందే చెట్టు కింద ఉండాలి. ఆలస్యమైతే పశువులు తినేస్తాయి, ఎండకు వాడిపోతుంది. ఏడాదిలో ఇరవై రోజులు రాలే ఆ పువ్వు మీదే మిగతా ఏడాదంతా నడవాలి. వంగిన నడుము వంగినట్టే మధ్యాహ్నం దాకా ఏరి, మోసుకొచ్చి, వాకిట్లో ఆరబోసి, పిలిస్తే పలకలేనంత అలసిపోయి గోడకు ఆనుకుంది. కళ్ళు తెరిచేసరికి దీపం వేళ. ఆ రోజు మంగు గడప తొక్కలేదు. నార వంక చూసి సిగ్గుపడింది. రేపు రెండు, అనుకుంది.

మర్నాడు పువ్వు ఇంకా ఎక్కువ రాలింది. ఎలాగో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి మంగును ఒకసారి కదిపి వచ్చి ఒక ముడి విప్పింది. రెండో పనికి ఒంట్లో సత్తువ లేదు. ఆ రెండో ముడి రేపటికి, ఆ రేపటి నుంచి ఎల్లుండికి జరిగి, చివరికి పువ్వుల గంపల కింద ఎక్కడో పోయింది. మనసు లెక్క వదిలేసినా నార మాత్రం తన ముడిని తను పట్టుకుని ఉంది.

ఇంకోరోజు ధైర్యం కూడగట్టుకుని మంగు ఇంటి దాకా వెళ్ళింది. లోపల ఎవరో కొత్త మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళు ఎటువాళ్ళో తెలియలేదు. దడి పక్కన కాసేపు నిలబడి వచ్చిన దారినే వెనక్కి వచ్చేసింది. వెళ్ళానుగా అని సర్దిచెప్పుకుని ముడి విప్పేసింది. తాగుతున్న అంబలి ముంత పక్కన పెట్టేసింది. ఎవరిని మోసం చేస్తున్నావే, మాట్లాడకుండా తిరిగొచ్చిన దాన్ని పనంటావా అని తన్ను తానే తిట్టుకుంది. లేచి వెళ్ళి, విప్పిన ముడిని మళ్ళీ గట్టిగా బిగించింది.

లోకంలో ఇంత నిజాయితీ ఎవరికి కావాలి? కోర్టు అడిగిందా, సన్న అడిగాడా?

ఆమె తప్పు ఎత్తి చూపేవాళ్ళు ఊళ్లో లేరు. ఫోన్లున్న కుర్రాళ్ళు మిరప కోతలకు పోతూ ఫోన్లనూ తీసుకుపోయారు. బడి పంతులు పరీక్షల డ్యూటీకని వెళ్ళి రాలేదు. అత్తకు చూపు ఆనదు. వారపు సంతకు వెళ్ళి ఉంటే ఇవాళేం వారమో తెలిసేది, కానీ పువ్వును వదిలి సంతకు ఎవరు పోతారు? వకీలు ఇచ్చిన కాగితం కొంగున అలాగే ఉంది. దాన్ని చదివించుకోవాలన్న ఆలోచనే రాలేదు. నార ఉండగా కాగితమెందుకు?

ఆ తర్వాత లక్మే బతిమాలడం మానేసింది. తన చెట్ల కింద ఏరడం అయిపోగానే కమ్లీతో కలిసి మంగు చెట్ల కింద వంగింది. మాసే అత్తారింటికి పోయాక వాళ్ళకు చేతులు తక్కువయ్యాయి. సన్న పేరెత్తకుండా నాలుగు రోజులు ఏరింది. నాలుగోరోజు మంగే వచ్చి చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"ఇగ ఏరకు పిల్లా, సాలు," అన్నాడు. "ఆ పొద్దు సన్నడు ఎండల పెంకులు మోసి మోసి నీళ్ళు గూడ అడగలే. నేనే మర్సిపోయిన ఇయ్యనీకి, పెళ్ళి తొందరల. అది యాదికొస్తే నాకు కూడు దిగుతలేదు. వొస్త. సెప్త. ఏమైతే అదైతది."

లక్మే నేల మీద కూలబడి ఏడ్చింది. మూడేళ్ళలో ఏడవనంత ఏడ్చింది. మంగు ఏం చేయాలో తోచక పువ్వులు ఏరడం మొదలుపెట్టాడు.

"ఎన్ని ముడులున్నయ్?" అని అడిగాడు కాసేపటికి.

"ఐదున్నయ్ మామా."

"అయితే రెండు పొద్దులు ఆగి పోదాం."

అందులో అతనికీ అనుమానం రాలేదు. ముడులున్నాయంటే ఉన్నట్టే.

మూడు ముడులుండగా తెల్లారి బయల్దేరారు. కూతురి పెళ్ళికి కట్టిన తలగుడ్డను మంగు మళ్ళీ కట్టాడు. పంచె ఉతికించుకున్నాడు. నడిచి ఆవపల్లి, జీపులో బీజాపూర్. ఆ పూట బస్టాండులో తలదాచుకుని, మర్నాడు కోర్టున్న పట్నానికి బస్సెక్కారు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా మంగు ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు. పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

"ఏంది మామా?"

"ఏం సెప్పాలెనో సూసుకుంటున్న. మద్యల మర్సిపోతే?"

దోవలో ఆమె చేత నాలుగైదుసార్లు తప్పులు దిద్దించుకున్నాడు. పొద్దున వచ్చిండు అనాలా, సద్ది తాగి వచ్చిండు అనాలా? ఎవరైనా గట్టిగా అరిస్తే ఏం చేయాలె? అబద్ధం సెప్తున్నవంటే ఏమనాలె? పాపం, పెళ్ళిలో కూడా అంత కంగారుపడి ఉండడు. లక్మే అతన్ని చూసి నవ్వింది. కొంగులో నారకు రెండు ముడులున్నాయి. పొద్దు వాలుతుండగా పట్నంలో దిగి ఒకటి విప్పింది. ఇక ఒక్కటే. బతుకులో మొదటిసారి ఒక పనికి ఒకరోజు ముందుగా వచ్చింది. అలా అనుకునేసరికి మనసు నిండిపోయింది.

సతీష్ వకీలు గదికి తాళం వేస్తున్నాడు. వాళ్ళిద్దరినీ చూసి తాళం వేస్తున్న చెయ్యి అలాగే ఆపేశాడు.

"మంగు పటేల్ వొచ్చిండు బాబూ," అంది లక్మే. "ఒక పొద్దు ముందే వొచ్చినం." నార ఎత్తి ఒక్క ముడిని చూపించింది.

ఆయన నారను చూశాడు, మంగు తలగుడ్డను చూశాడు. తలుపు మళ్ళీ తెరిచి ఇద్దర్నీ లోపలికి రమ్మన్నాడు. కూర్చోమన్నాడు.

"పేషీ నిన్న, లక్మే."

"లే బాబూ. రేపు. ఇగో ముడి."

"నిన్న. కాగితం మీద రాసిచ్చాను కదమ్మా. పొద్దున పిలిచారు, ఎవరూ లేరు. మధ్యాహ్నం దాకా ఆగమని అడిగాను, ఆగారు. మళ్ళీ పిలిచారు. సాయంత్రం సాక్ష్యం మూసేశారు."

లక్మే నారను ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడుముకుంది. విప్పినచోటల్లా నలిగిన గుర్తులున్నాయి. మొదటి నుంచి ఒక్కొక్క రోజునూ తలుచుకుంటూ వచ్చింది. అత్త జ్వరం దగ్గర లెక్క సరిపోయింది. పువ్వు విరగబడి రాలిన రోజు దగ్గర ఆగింది. దడి పక్కన నిలబడి వెనక్కొచ్చిన రోజు దగ్గర మళ్ళీ ఆగింది. ఆ బిగించిన ముడి ఇదే.

"నేనే," అంది. "నేనే జేసిన."

మంగుకు సగమే అర్థమైంది. "రేపు సెప్త బాబూ. వొచ్చిన గదా," అన్నాడు.

మర్నాడు సతీష్ అర్జీ పెట్టాడు. ఆయన చేయగలిగిందంతా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పన్నెండు కాకముందే బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. ఇదివరకే రెండు గడువులు ఇచ్చాం, ఇక కుదరదన్నారట. తొమ్మిది రోజుల్లో తీర్పు. పై కోర్టుకు వెళ్ళొచ్చు, అక్కడ ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేనన్నాడు. శిక్ష ఎంతుంటుందని అడిగితే చెప్పకుండా దాటేశాడు. లక్మే మళ్ళీ అడిగింది. పదేళ్ళకు తక్కువుండదన్నాడు.

ఆ మధ్యాహ్నమే జైలు దగ్గర ములాకాత్ దొరికింది. ఒక్కరినే పంపుతామన్నారు. మంగును బయట రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టి లక్మే లోపలికి వెళ్ళింది. జాలీకి అవతల సన్న వచ్చి నిలబడ్డాడు. మెడ దగ్గర ఎముకలు తేలి ఉన్నాయి.

"మొన్న కోర్టుల తలుపు దిక్కే సూస్తున్న," అన్నాడు. "మంగు మామ రానన్నడా?"

అవునని ఒక్క మాట అంటే చాలు. మంగు బయట ఉన్నాడు, అతనికి వినపడదు. మంగు పిరికివాడని సన్న అనుకుంటాడు, తన పెళ్ళాం చేయాల్సిందంతా చేసిందని అనుకుంటాడు, ఆ మాట పట్టుకుని పదేళ్ళూ గడిపేస్తాడు. ఆ మాట లక్మే నాలుక దాకా వచ్చింది. కానీ తలగుడ్డ చుట్టుకుని బస్సులో పెదాలు కదుపుకున్న ఆ ముసలాయన కళ్ళ ముందు కనిపించాడు.

"మంగు మామ వొచ్చిండు. బయట్నే కూసున్నడు. నేనే పొద్దులు తప్పిన," అంది. ఒట్టు సంగతీ, ముడుల సంగతీ ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. "నీ పని జేయని పొద్దు విప్పొద్దనుకున్న. రెండు పొద్దులు ఆగిపోయినయ్."

సన్న జాలీ పట్టుకుని నేల వంక చూశాడు. తిడతాడేమోనని ఎదురు చూసింది. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"ఆ రెండు పొద్దులు ఏం జేస్తివి?"

"ఒకనాడు పువ్వేరిన. ఇంకోనాడు మంగు మామ దడికాడ బయపడి తిరిగొచ్చిన."

సన్న తల ఊపాడు. చాలాసేపు తల ఊపుతూనే ఉన్నాడు.

"ఈ యేడు పువ్వు మంచిగ రాలిందా?" అని అడిగాడు.

లక్మే రాలిందన్నట్టు తలాడించింది. కావలివాడు వచ్చి టైమైపోయిందని హిందీలో అరిచాడు. సన్న తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

బయట మంగు కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. లక్మే రావడం చూసి లేచాడు.

"ఏమన్నడు?"

"ఏమనలే."

"ఇగ నన్ను పిలువరా పిల్లా?"

"పిలువరు మామా."

"రేపు గూడనా?"

"ఎన్నడు పిలువరు."

మంగు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. "మరి నేను సెప్పేది?" అన్నాడు. షెడ్డు కింద ములాకాత్‌కు వచ్చినవాళ్ళు పది మంది దాకా ఉన్నారు. ఒకామె బిడ్డకు పాలిస్తోంది, ఇద్దరు ముసలివాళ్ళు కునుకు తీస్తున్నారు. మంగు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. కోర్టులో అలా నిలబడాలని బస్సులో లక్మే చెప్పినట్టే నిటారుగా నిలబడి, చేతులు జోడించి, జైలు గోడ వైపు తిరిగి మొదలుపెట్టాడు.

"నా పేరు మంగు. సన్నడు ఆ పొద్దు సద్ది తాగి నా ఇంటికొచ్చిండు. మర్నాడు నా బిడ్డ మాసే పెళ్ళి. పొద్దుగూకేదాక ఇంటి మీదనే ఉన్నడు. నేను కింద నుంచి పెంకులందించిన. నీళ్ళు గూడ ఇయ్యలే. చీకటి పడ్డంక దిగిండు, మా ఇంట్లనే కూడు తిన్నడు, మా వాకిట్లనే పండిండు. యాడికీ పోలే. నేను నా బిడ్డ మీద ఒట్టేసి సెప్తున్న, అబద్దం గాదు."

పాలిస్తున్నామె ఒకసారి తలెత్తి చూసి, అది తెలియని భాష కాబట్టి మళ్ళీ బిడ్డ వైపు తిరిగింది. మంగు చేతులు దించకుండానే లక్మే వంక తిరిగాడు.

"సరిగ సెప్పిన్నా పిల్లా? ఏమన్న మర్సిపోయిన్నా?"

"సరిగనే సెప్పినవ్ మామా," అంది లక్మే. "ఏం మర్సిపోలే."